నేటి డీజిలు కారు – అలవాట్లే ఆయుష్షు

డీజిలు ఇంజను మొండిది, ఎట్లా వాడినా ఓర్చుకుంటుంది అనే నమ్మకం మన పల్లెల్లో గట్టిగా ఉంది. అది ఊరికే వచ్చిన నమ్మకం కాదు. బావి గట్టున ఆయిలింజను పెట్టుకొని సేద్యం చేసిన తరం మన తాతలది. డీజిలు పాత గుడ్డలో వడగట్టి పోసేవారు. ఆయిలు తగ్గితే ఇంత పోసేవారు. హ్యాండిలు తిప్పితే ఇంజను లేచేది. ఆ నమ్మకాన్నే ఈనాడు కారుకు కూడా అంటగడుతున్నాం. చిక్కంతా ఇక్కడే వస్తున్నది.

సూత్రం మాత్రం మారలేదు. జర్మను ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో విజయవంతంగా నడిపి చూపిన ఇంజనులోనూ, ఈనాటి కారులోనూ జరిగేది ఒక్కటే. స్పార్కు ప్లగ్గుతో పని లేదు. పిస్టను గాలిని సుమారు 16వ వంతుకు కుదిస్తుంది. సైకిలు పంపు కొడితే అడుగు వేడెక్కటం మనం ఎరిగిందే గదా! ఇక్కడ గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడు దాటుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తనంతట తానే అంటుకుంటుంది.

మారింది చిమ్మే పద్ధతి. పాత ఆయిలింజనులో డీజిలు సుమారు 200 బార్ల పీడనంతో వెళ్ళేది. ఇప్పటి ‘కామన్ రైల్’ ఇంజన్లలో అది 1,600 నుంచి 2,000 బార్ల దాకా ఉంటుంది. కారు టైరులో గాలి పీడనం రెండు బార్ల పైచిలుకు మాత్రమే. ఇంత పీడనం నిలవాలంటే ఇంజెక్టరు లోపలి భాగాల మధ్య సందు కొద్ది మైక్రాన్లే ఉండాలి. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. కాబట్టి గుడ్డలోంచి దిగిపోయే సన్నని దుమ్ము ఆయిలింజనుకు లెక్కలోది కాదు గాని, ఇంజెక్టరుకు ఆకురాయి వంటిది.

ఇంకొక సంగతి. ఆ పీడనం పుట్టించే పంపుకు డీజిలే కందెన. కిరసనాయిలు కలిసినా, నీళ్ళు చేరినా కందెన గుణం పోయి లోహం లోహాన్ని రాసుకుంటుంది. అందుకే డీజిలు ఫిల్టరు వేళకు మార్చాలి, దాని అడుగున చేరిన నీటిని తీసివేయాలి. ఫిల్టరు ఖర్చు తక్కువ, ఇంజెక్టర్ల ఖర్చు చాలా ఎక్కువ.

టర్బో సంగతి చూడండి. అది నిమిషానికి లక్షన్నర చుట్లకు పైగా తిరగగలదు. దాని ఇరుసు పలుచని ఆయిలు పొర మీద తేలుతూ ఉంటుంది. ఆయిలు మసిపట్టి చిక్కబడితే ముందు దెబ్బతినేది అదే. దూరం నుంచి వేగంగా వచ్చి ఆగగానే తాళం తీస్తే, కాగిన టర్బోలో ఆయిలు మాడి బొగ్గవుతుంది. ఒక్క నిమిషం ఇంజనును నింపాదిగా తిరగనిస్తే చాలు.

2020 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో భారత్ స్టేజ్ 6 నిబంధనలు వచ్చాయి. డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ చేరింది. పట్టిన మసిని ఇంజను తానే సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకుంటుంది. అయితే అందుకు కారు కొంతసేపు ఆగకుండా, వేగంగా నడవాలి. రోజూ రెండు మూడు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే ఆ పని సగంలో ఆగుతుంది. మసి కాల్చడానికని చాలా ఇంజన్లు అదనంగా చిమ్మే డీజిలులో కొంత జారి ఆయిలులో కలుస్తుంది. ఆయిలింజనుకు ఆయిలు తగ్గితేనే భయం. ఈ కార్లకు ఆయిలు పెరిగినా భయమే! పలుచబడ్డ ఆయిలు బేరింగులను కాపాడలేదు.

మా వైపు ఒకాయన పొలం మీద అప్పు తెచ్చి ఇట్లాంటి కారు కొన్నాడు. దగ్గర కిరాయిలే తిప్పాడు. జల్లెడ దీపం వెలిగితే “దీపమే గదా” అన్నారు పక్కవాళ్ళు. చివరకు బండి షెడ్డులో, వాయిదా నెత్తిన మిగిలాయి. ఆ దీపం వెలిగిన రోజే ఒక అరగంట పెద్దరోడ్డు మీద నడిపి ఉంటే బహుశా తప్పిపోయేది.

తయారీలోనే లోపమున్న ఇంజన్లు ఉండవని కాదు. ఐనా మంచి ఇంజనును పాడుచేసేది చాలావరకు మన అలవాట్లే. కంపెనీ చెప్పిన రకం ఆయిలే పోయాలి. కిలోమీటర్లు, నెలలు – ఏది ముందైతే అప్పుడు మార్చాలి. నూర్పిళ్ళ దుమ్ములో తిరిగే బండికి గాలి ఫిల్టరు ఇంకా తరచుగా చూడాలి. రేడియేటరులో బోరు నీళ్ళు పోస్తే లోపల ఉప్పు పేరుకుంటుంది, కూలెంటే పోయాలి. పాలపద్దు రాసుకున్నట్లే తేదీ, కిలోమీటర్లు, మార్చిన వస్తువు ఒక పుస్తకంలో రాసుకోవాలి.

మిత్రులారా! ఈ వివరాలన్నీ కారుతో ఇచ్చే పుస్తకంలో ఉంటాయి. కాని అది చాలావరకు ఇంగ్లీషులో ఉంటుంది, డాష్‌బోర్డు అరలోంచి బయటకు రాదు. బండి తోలేది మన నాన్నలు, అన్నలు. సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ఆ పుస్తకం తీసి, నాలుగు పేజీలు వాళ్ళకు తెలుగులో చదివి చెబుదాం. మనం చదివిన సైన్సుకు అంతకన్నా దగ్గరి ఉపయోగం ఏముంది?