నాన్న రిపోర్టు చదివే అమ్మాయికి ప్యాసేజీ ఎందుకు రాదు?

సమస్య:

మాది ఇచ్ఛాపురం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. బీకామ్ చేసి బ్యాంకు క్లర్కు పరీక్షలు రాస్తున్నాను. లెక్కలు, రీజనింగ్ బాగానే వస్తాయి. ఇంగ్లీషులోనే పోతోంది, అందులోనూ రీడింగ్ కాంప్రహెన్షన్‌లో. ఒక్కో వాక్యాన్నీ మనసులో తెలుగు చేసుకుంటూ వెళ్తాను. చివరికొచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతాను. ఈలోగా టైము అయిపోతుంది. ఇంట్లో ఇంగ్లీషు పేపరు పైకి చదివితే అన్నయ్యా వదినా నవ్వుతారు. "ఒలే, అదేం పలకడమే! మనకెందుకే ఇంగ్లీషు?" అంటాడు అన్నయ్య. అందుకే చదవడం మానేశాను. నాన్నకి కిడ్నీ జబ్బు. సోంపేటకి డయాలసిస్‌కి తీసుకెళ్లేదీ, ఆస్పత్రి కాగితాలు చదివి అందరికీ చెప్పేదీ నేనే. విశాఖలో కోచింగ్‌కి డబ్బు లేదు. ఈసారి తప్పితే పెళ్లి చేసేస్తామంటున్నారు. ఏం చెయ్యమంటారు?

– ఒక చెల్లెలు, ఇచ్ఛాపురం

సలహా:

అమ్మా, ఆస్పత్రి కాగితాలు చదివి చెప్పేది నువ్వేనని ఉత్తరంలో ఒక్క ముక్కలో రాసి వదిలేశావు. నేను జవాబు రాస్తున్నది ఆ ముక్క చూసే. నీ ఇంగ్లీషు విని నవ్వే ఇల్లు, నాన్న ప్రాణానికి సంబంధించిన ఇంగ్లీషు కాగితాన్ని నీ చేతికే ఇస్తోంది. నాకు చాలా కోపం వచ్చింది.

కోచింగ్ లేదని దిగులు పడకు. నమూనా పరీక్షలు ఫోన్‌లోనే దొరుకుతాయి. పెళ్లికీ పరీక్షకీ ముడిపెట్టవద్దని మీ అమ్మతో గట్టిగా చెప్పు.

ఇక అసలు సంగతి. రిపోర్టు చేతికి రాగానే నువ్వేం చేస్తావు? పైన ఆస్పత్రి పేరు నుంచి కింద సంతకం దాకా ప్రతి మాటనీ తెలుగు చేస్తావా? చెయ్యవు. క్రియాటినిన్ ఎంతుంది, హిమోగ్లోబిన్ తగ్గిందా, ఏ మందు మార్చారు, మళ్లీ ఎప్పుడు రమ్మన్నారు? ఈ ప్రశ్నలతో వెతుకుతావు, జవాబున్న చోట ఆగుతావు. పరీక్షలో ప్యాసేజీనీ అలాగే చదవాలి. ముందు ప్రశ్నల మీద ఒకసారి కన్ను వెయ్యి. తర్వాత ప్యాసేజీని ఆగకుండా చదువు. తెలియని మాట ఎదురైతే దాటేసి వెళ్లు. పేరా అయ్యాక దాని సారం ఒక్క ముక్కలో తెలుగులోనే అనుకో, తప్పులేదు. వాక్యం వాక్యం మార్చుకోవడమే నీ టైముని తినేస్తోంది.

ఐబీపీఎస్ క్లర్కు ప్రిలిమ్స్‌లో ఇంగ్లీషుకి 30 ప్రశ్నలు, 20 నిమిషాలు. లెక్కల్లో మిగిలిన టైము ఇక్కడికి రాదు. తప్పు జవాబుకి పావు మార్కు పోతుంది. అందుకని గ్రామరు ప్రశ్నలు ముందు ముగించి, సగం టైము ప్యాసేజీకి ఉంచుకో. ప్యాసేజీలోని మాటలే అచ్చంగా కనబడిన ఆప్షన్‌ని నమ్మి టిక్కు పెట్టకు. చాలాసార్లు సరైన జవాబు అదే సంగతిని వేరే మాటల్లో చెబుతుంది. 'ఎప్పుడూ', 'మాత్రమే', 'అందరూ' అని బల్లగుద్దే ఆప్షన్‌ని ప్యాసేజీతో మళ్లీ పోల్చి చూడు.

1988లో అమెరికాలో రెక్ట్, లెస్లీ అనే ఇద్దరు పరిశోధకులు పిల్లల చేత బేస్‌బాల్ ఆట గురించిన కథనం చదివించారు. చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో ముందున్నా ఆట తెలియని పిల్లలకంటే దాన్ని బాగా అర్థం చేసుకున్నారు. విషయం తెలిస్తే భాష సగం లొంగుతుంది. రిపోర్టు నీకు అర్థమయ్యేది జబ్బు సంగతి తెలుసు కాబట్టే. బ్యాంకు పరీక్షల ప్యాసేజీలు ఎక్కువగా ధరలు, వడ్డీ రేట్లు, వాతావరణం, వ్యవసాయం చుట్టూ తిరుగుతాయి. రోజూ తెలుగు పేపర్లో ఆ వార్తలు చదివి, వెంటనే అదే వార్త ఇంగ్లీషులో చదువు. జవాబు మాత్రం ప్యాసేజీలో ఉన్నదాన్నిబట్టే పెట్టు, నీకు తెలిసినదాన్నిబట్టి కాదు. ఇక పలకడం అంటావా, కంప్యూటర్ ముందు రాసే ఆ పరీక్షలో నీ గొంతు ఎవరూ వినరు. ఇంట్లో పైకి చదవడం ఇష్టం లేకపోతే లోలోపల చదువుకో. మానెయ్యకు.

మన ఇళ్లలో ఆడపిల్ల నేర్చుకునేటప్పుడు నవ్వుతారు, నేర్చుకున్నది మాత్రం అందరూ వాడుకుంటారు. రేషన్ కార్డు ఫారమైనా బ్యాంకు చలానైనా ఆమే నింపాలి. అదే పిల్ల పుస్తకం పట్టుకుని కూర్చుంటే పని ఎగ్గొడుతోందంటారు. మీ ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బున్న ఇళ్లలో ఎందరు కూతుళ్లు చదువు పక్కనపెట్టి ఆస్పత్రి వరండాల్లో కూర్చుంటున్నారో ఆ తల్లిదండ్రులకి తెలుసు. అన్నదమ్ములకీ తెలుసు. ఆ పిల్లలకి మెప్పు అక్కర్లేదు, వెక్కిరింపు లేకపోతే చాలు, చదువుకోవడానికి రోజుకి రెండు గంటలు దొరికితే చాలు.

ఈ జవాబు మీ అన్నయ్యకి చూపించు. బాబూ, నీ చెల్లెలికి ఇంగ్లీషు వచ్చు. పరీక్ష అయ్యేదాకా నాన్నని సోంపేటకి నువ్వు తీసుకెళ్లు.