ఏడాది మధ్యలో చేరినవారికి సెలవు లెక్క

సంఘాల రికార్డులు తనిఖీ చేసేటప్పుడు మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న: ఏడాది మధ్యలో చేరిన పనివారికి జీతంతో కూడిన సెలవు ఎన్ని రోజులు? "ఏడాది నిండలేదు, సెలవు లేదు" అని కొందరు కార్యదర్శులు తోసివేస్తున్నారు. ఇది సరికాదు.

పదిమంది, ఆపైన పనివారున్న పాల శీతలీకరణ కేంద్రాలకు 2025 నవంబరు 21 నుండి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్, 2020 వర్తిస్తున్నది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం సెలవు అర్హతకు ఏడాదిలో 240 పనిదినాలు కోరేది. ఇప్పుడు 180 చాలును. ప్రతి 20 పనిదినాలకు ఒక రోజు సెలవు.

జనవరి 1 తరువాత చేరినవారిని ఈ 180 అడగరాదు. చేరిన నాటినుండి డిసెంబరు 31 వరకు గల రోజులలో నాలుగవ వంతు పనిచేస్తే అర్హులే.

ఉదాహరణకు, ఒకరు జూలై 1న చేరి 130 రోజులు పనిచేశారనుకొందాము.

1. ఏడాదిలో మిగిలిన రోజులు 184.
2. అందులో నాలుగవ వంతు 46. పనిదినాలు అంతకు మించినవి కనుక అర్హత ఉన్నది.
3. 130ని 20చే భాగించగా ఆరున్నర.
4. అరరోజు, ఆపైన ఉంటే పూర్తి రోజుగా తీసుకోవాలి, తక్కువైతే వదలివేయాలి. కనుక సెలవు 7 రోజులు.

పండుగ సెలవులను ఇందులో తగ్గించరాదు.

మధ్యలో పని మానివేసినవారికి అర్హత దినాలు నిండకపోయినా, జమపడిన సెలవుకు వేతనం రెండవ పనిదినం ముగిసేలోగా చెల్లించాలి.

హాజరుపట్టీలో నెలనెలా పనిదినాలు కూడి ఉంచండి. పాలుపోసే రైతుకు లీటరు లెక్క ఎంతో, పనివారికి రోజు లెక్క అంత.