డప్పు దరువు

మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతములందు బోనాల రాకను ముందుగా చాటునది డప్పు. ఆషాఢ శ్రావణములు వానకాలము. చెమ్మకు తోలు వదులగును. కావున వాద్యకారులు గడ్డిమంట చుట్టు చేరి డప్పులు కాచుదురు. తోలు బిగిసి ఖంగున పలుకువరకు ఊరేగింపు కదలదు. కుడిచేతి పొట్టిపుల్లను చిర్ర యనియు, ఎడమచేతి సన్నపుల్లను సిటికెన యనియు అందురు. చిర్ర దరువు వేయగా సిటికెన దానిచుట్టు నాదము నల్లును. పసుపు పూసుకొని, గజ్జెలు కట్టి, కొరడా ఝళిపించు పోతురాజు ఆ దరువునకే అడుగు వేయును. ఆయన అమ్మవారికి సోదరుడట! శామీర్‌పేట చెరువు కడ వెలసిన కట్టమైసమ్మకు బోనమెత్తు స్త్రీల నడకయు దానినే అనుసరించును.

ఇంతటి వాద్యమును వాయించిన మాదిగలను ఊరు వెలివాడలో నుంచినది. పండుగకు, చావునకు, చాటింపునకు డప్పు కావలెను. దానిని పట్టిన చేయి మాత్రము అంటరానిది! 1994లో ఆరంభమైన మాదిగ దండోరా ఉద్యమము ఆ డప్పునే సగర్వముగా మ్రోగించెను.

దూరదేశమైన బ్రెజిలులోను ఇట్టి కథయే కలదు. అచట బానిసత్వము 1888లో రద్దయినది. అయినను నల్లజాతివారి సాంబా ఆటపాటలను పోలీసులు చాలకాలము అణచిరి. 1928లో రియో డి జనీరో నగరమందలి ఎస్టాసియో పేటవారు సంఘముగా కూడిరి. అట్టి సంఘములకు 'సాంబా పాఠశాల' లని పేరు. పుస్తకములు లేని పాఠశాలలు! 1932లో వాటికి తొలి పోటీ జరిగినది.

బోనాలు 2014లో తెలంగాణ రాష్ట్ర పండుగయైనవి. 'తీన్మార్' అనగా మూడు దెబ్బలు. ఆ దరువును నేడు బ్యాండుమేళములును వాయించుచున్నవి.