నొప్పికీ జ్ఞాపకముంటుంది

గాయం మానినా నొప్పి పోలేదనే వారితో “అది మీ భ్రమ” అనటం అన్యాయమని నా అభిప్రాయం. మెదడు బాధను సైతం జ్ఞాపకముంచుకుంటుంది.

చైనాలో పరిశోధకులు ఎలుకల ఎడమ పాదమునకు వాపు కలిగించే పదార్థం ఎక్కించారు. ఆ బాధ తగ్గిన తరువాత కుడి పాదమునకు ఎక్కించగా, ఎడమ పాదం కూడ తిరిగి బాధకు లోనయింది! మోకాలి దిగువ ‘జుసాన్‌లీ’ స్థానంలో సూదులు గుచ్చి, స్వల్ప విద్యుత్తు పంపే ఎలక్ట్రో ఆక్యుపంక్చర్ చికిత్సతో ఆ పాత బాధ తగ్గింది. మెదడులోని సింగ్యులేట్ భాగమున, జ్ఞాపకాలను స్థిరపరచుటకు తోడ్పడే ‘క్రెబ్’ అనే ప్రోటీను చురుకుదనమూ తగ్గింది.

ఇది ఎలుకల సంగతి. మానవులలో ఇంతగా రుజువు కాలేదు. అయినా, నొప్పిని నెలల తరబడి ఓర్చుకొనుటే గొప్పతనమని మన గృహిణులు భావించరాదు. పేస్‌మేకర్ అమర్చుకున్నవారు ఈ చికిత్స చేయించుకోరాదు. గర్భిణులు ముందుగా వైద్యుని సంప్రదించాలి.