ముదిమిలో చూపు

తెలుగువారు చిరకాలంగా వాడుతున్న మాటలలో ‘చత్వారం’ ఒకటి. సంస్కృతంలో నలభై సంఖ్యకు ‘చత్వారింశత్’ అని పేరు. సుమారు నలభయ్యో ఏట కంటికి కలిగే మార్పుకు ఆ సంఖ్యే పేరైంది. సూదిలో దారం ఎక్కించడం కష్టమవుతుంది. పంచాంగంలోని చిన్న అక్షరాలను చేయి చాచి దూరంగా పట్టుకొని చదవవలసి వస్తుంది. కనుపాప వెనుక ఉండే కటకం చిన్నతనంలో సాగే గుణం కలిగి ఉంటుంది. దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బి, దూరపు వస్తువును చూసేటప్పుడు పలచబడుతుంది. ఏళ్లు గడిచినకొద్దీ ఆ గుణం సన్నగిల్లుతుంది. ఇది కళ్లజోడుతో తీరిపోయే ఇబ్బందే.

చిక్కు దీని తరువాతనే మొదలవుతుంది. చత్వారానికి అలవాటుపడిన మనిషి, ఆపైన చూపులో వచ్చే ప్రతి లోపాన్నీ వయసు ఖాతాలోనే వేస్తాడు. “పెద్దవాళ్లమయ్యాం, ఇక ఇంతే” అని సరిపెట్టుకుంటాడు. శుక్లం విషయంలో ఈ సరిపెట్టుకోవడం వల్ల సాధారణంగా కొంతకాలం వృథా అవుతుంది. నీటికాసుల విషయంలో మాత్రం కన్నే పోతుంది.

కటకంలోని మాంసకృత్తులు ముద్దకట్టి, అది క్రమంగా పారదర్శకతను కోల్పోవడమే శుక్లం. లోకమంతా మంచుపొర వెనుక ఉన్నట్లు తోస్తుంది. రాత్రివేళ ఎదురుగా వచ్చే వాహనాల దీపాలు కళ్లలో చెదురుతాయి. మసకబారిన కటకాన్ని శలాకతో పక్కకు నెట్టే విధానాన్ని శుశ్రుత సంహిత వర్ణించింది. తరువాతి కాలంలో కటకాన్ని పూర్తిగా తొలగించి, దళసరి ‘సోడాబుడ్డి’ అద్దాలు ఇచ్చేవారు. రెండవ ప్రపంచ యుద్ధంలో గాయపడిన వైమానికుల కళ్లలో విమానపు అద్దాల ప్లాస్టిక్ ముక్కలు చిక్కుకున్నా హాని చేయకుండా ఉండటాన్ని హెరాల్డ్ రిడ్లీ అనే ఆంగ్ల వైద్యుడు గమనించాడు. అటువంటి పదార్థంతోనే కృత్రిమ కటకాన్ని చేయించి, 1949లో లండన్‌లో ఒక రోగి కంటిలో అమర్చాడు. సాటి వైద్యులు చాలాకాలం ఆయనను తప్పుపట్టారు. నేడు ఆ కటకమే కోట్లాది మందికి చూపు. శస్త్రచికిత్స చేయించుకున్నవారు చాలావరకు ఆనాడే ఇల్లు చేరుతున్నారు. అయినా ‘శుక్లం ముదిరితేనే తీయాలి’ అన్న పాత నమ్మకం పల్లెలలో ఇంకా పోలేదు. పాత పద్ధతికి ఆ మాట చెల్లింది. ఇప్పుడు బాగా ముదరనిస్తే శస్త్రచికిత్స మరింత కష్టమవుతుంది, కొందరికి కంటిలో పీడనం కూడా పెరుగుతుంది.

నీటికాసులు వేరు. ఈ వ్యాధిలో, తరచుగా కంటిలోని ద్రవపీడనం పెరగడం వల్ల, దృక్‌నాడి తంతువులు ఒక్కొక్కటిగా నశిస్తాయి. చాలామందిలో నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. ముందుగా పక్కచూపు పోతుంది. ఎదుటి చూపు చివరిదాకా నిలిచి ఉండటంతో రోగికి అనుమానమే రాదు. గడపకు తట్టుకోవడం, మెట్టు తప్పడం వంటివి తడబాటుగానే కనిపిస్తాయి. పోయిన చూపును ఏ చికిత్సా తిరిగి తేలేదు. మందుచుక్కలు మిగిలినదాన్ని కాపాడగలవు, అంతే. రక్తసంబంధీకులలో ఈ వ్యాధి ఉన్నవారికి ముప్పు ఎక్కువ. వైద్యుని సలహా లేకుండా మందుల దుకాణంలో కొని నెలల తరబడి వాడే స్టెరాయిడ్ చుక్కలు కూడా కంటి పీడనాన్ని పెంచుతాయి. ఇక ఆకుపసరు, తేనె కంటిలో పోయడం వల్ల నల్లగుడ్డుపై పుండ్లు పడే ప్రమాదం ఉంది.

మధుమేహం ఉన్నవారు చూపు బాగున్నా ఏటా నేత్రపటలాన్ని పరీక్ష చేయించుకోవాలి. తలుపు చట్రం వంటి తిన్నని గీత వంకరగా కనిపిస్తే ఆలస్యం చేయరాదు. తోటకూర, మునగాకు కంటికి మేలుచేసేవే కాని, ఏ ఆకుకూరా శుక్లాన్ని కరిగించదు. చుట్ట, బీడీ మానడం అంతకన్న పెద్ద ఉపకారం.

పరీక్ష కోసం నగరానికే పోవలసిన పని లేదు. 1987లో హైదరాబాదులో నెలకొన్న ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ, స్థానిక యువతీయువకులకు శిక్షణ ఇచ్చి పల్లెలలో దృష్టి కేంద్రాలను నెలకొల్పింది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న ప్రారంభించిన ‘కంటి వెలుగు’లో ఊరూరా ఉచితంగా పరీక్షలు చేసి కళ్లజోళ్లు ఇచ్చారు. అయితే కళ్లజోడు కొలతతో పరీక్ష పూర్తి కాదు. నలభై దాటినవారికి కంటి పీడనాన్ని కొలవాలి, దృక్‌నాడిని చూడాలి. ఇందుకోసం కనుపాపను విప్పార్చే చుక్కలు వేస్తే కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు మసకబారతాయి, ఎండ గుచ్చుకుంటుంది. కాబట్టి పెద్దల వెంట ఇంటినుంచి ఒకరు వెళ్లాలి. కళాశాలకు సెలవైన రోజున ఆ పని విద్యార్థులే చేయగలరు.