ఫొటో వెళ్లింది సరే, ఏ చీర మీదికి?

లింగంపల్లి

చిరంజీవి మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

పోచంపల్లి చీరల ఆన్‌లైన్ దుకాణం పని నీకు అప్పజెప్పారని మీ అమ్మ చెప్పింది. వందల చీరలు, చీరకు నాలుగేసి ఫొటోలు. చేత్తో ఎక్కించే పని కాదు, ఏపీఐతో ప్రోగ్రామ్ రాయాల్సిందే.

వూకామర్స్ అన్నావు కాబట్టి అందులోని మెలిక ముందే చెబుతాను. దాని ప్రొడక్ట్ ఏపీఐ నీ ఫైలును తీసుకోదు. ఫొటో ఉన్న వెబ్ అడ్రస్ ఇస్తే సర్వరే వెళ్లి తెచ్చుకుంటుంది. నీ ల్యాప్‌టాప్‌లోని ఫోల్డరు పేరు ఇస్తే దానికేం కనపడుతుంది? అందుకని రెండు విడతల్లో చెయ్యి. మొదట వర్డ్‌ప్రెస్ మీడియా ఏపీఐకి ఫైలు పోస్ట్ చెయ్యి. 201 వస్తుంది, వెంట ఫొటో ఐడీ ఒకటి వస్తుంది. ఆ ఐడీతో ప్రొడక్ట్‌ను అప్‌డేట్ చెయ్యి. వూకామర్స్ కీలు మీడియా ఏపీఐ దగ్గర చెల్లవు. 401 చూసి కంగారుపడకు. దానికి అప్లికేషన్ పాస్‌వర్డ్ వేరే తీసుకోవాలి. 2020లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 5.6 నుంచి ఆ సదుపాయం ఉంది.

వెబ్ అడ్రస్ పద్ధతిలో ప్రోగ్రామ్ నడిపిన ప్రతిసారీ అదే ఫొటోకు ఇంకో కాపీ పడుతుంది. ఐడీ పద్ధతిలో, ఒకసారి వచ్చిన ఐడీని దాచుకుని దాన్నే మళ్లీ వాడితే, ఆ బెడద లేదు. కానీ ఒకటి చూసుకో: నువ్వు పంపే ఫొటోల జాబితా పాతదాన్ని తీసేసి ఆ చోట కూర్చుంటుంది. నాలుగున్న చీరకు ఐదోది చేర్చాలని ఒక్కదాన్నే పంపావో, ఆ ఒక్కటే మిగులుతుంది. ముందు ఉన్న ఐడీలు తెచ్చుకుని, కొత్తది చివర కలిపి, మొత్తం పంపు. జాబితాలో మొదటిదే కొనేవాళ్లకు ముందుగా కనపడే ఫొటో.

413 వస్తే ఫైలు పెద్దదైందని. ఎన్‌జిన్‌ఎక్స్ సర్వర్ సెట్టింగ్ మార్చకపోతే 1 ఎంబీ దాటనివ్వదు. టైమవుట్ వచ్చిందంటే పని జరగలేదని కాదు. ఫొటో ఎక్కి ఉండొచ్చు, జవాబే రాకపోయి ఉండొచ్చు. మళ్లీ పంపేముందు ఆ పేరుతో ఉందేమో వెతుకు.

ఇవన్నీ డాక్యుమెంటేషన్‌లో దొరుకుతాయి. రంగు సంగతి మాత్రం ఎవరూ చెప్పరు, చీరల వ్యాపారంలో తిట్లు పడేది అక్కడే. ఐఫోన్ ఫొటోలు డిస్‌ప్లే పీ3 ప్రొఫైల్‌తో వస్తాయి. సైజు తగ్గించే కోడు ఆ ప్రొఫైల్‌ను ఊరికే పారేస్తే, బ్రౌజర్ ఆ అంకెలనే ఎస్‌ఆర్‌జీబీ అనుకుని చదువుతుంది. నిండైన ఎరుపు వెలిసినట్టు కనిపిస్తుంది. ముందు ఎస్‌ఆర్‌జీబీకి మార్చు, ఆ తర్వాతే తీసెయ్యి. ఎగ్జిఫ్ విషయమూ అంతే. అందులోని దిశ ప్రకారం బొమ్మను నిజంగా తిప్పి, అప్పుడు తుడిచెయ్యి. తుడవక మానకు. మగ్గం ఉన్న ఇంటి జీపీఎస్ గుర్తు కూడా అందులోనే ఉంటుంది.

షార్పెన్ ఫిల్టర్ జోలికి వెళ్లకు. ఇకత్‌లో నూలును ముడులు కట్టి, రంగులద్ది, తర్వాత నేస్తారు. అందుకే పువ్వు అంచు కాస్త పాకినట్టుంటుంది. దాన్ని గీత గీసినట్టు చేస్తే పోచంపల్లి చీర ప్రింటు చీరలా కనపడుతుంది. 2005 నాటికే జీఐ గుర్తింపు పొందిన నేతకు మన కోడు చేసే అన్యాయం అది.

ఇక అసలు ప్రమాదం. సర్వర్ 200 అన్నంత మాత్రాన సరైన చీరకు సరైన ఫొటో చేరినట్టు కాదు. నీలం చీర కింద మెరూన్ ఫొటో పెట్టినా అది 200 అనే అంటుంది. ఫైలు పేరులోనే చీర ఎస్‌కేయూ పెట్టు. ఎక్కించాక ప్రొడక్ట్‌ను తిరిగి చదివి పోల్చు. తేడా ఉంటే లాగ్‌లో రాయించు. ఆపైన కొన్నిటిని నీ కళ్లతో చూడు.

కీలను కోడులో రాయకు, గిట్‌హబ్‌లో అసలే పెట్టకు. ముందు ఐదారు చీరలతో టెస్ట్ సైట్ మీద నడుపు. ఆదివారం హైటెక్ సిటీ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ ఎక్కి లింగంపల్లి రా, లాగ్ ఫైలు తెచ్చుకో. ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య