యముడు ఓడిన పటం

యముడి ఎదుట నిలిచి గెలిచినవారి కథలు మన ఇళ్లలో కొత్తవి కావు. సావిత్రి మాటలతో భర్త ప్రాణాలు తెచ్చుకుంది. మార్కండేయుడు శివలింగాన్ని వదలకుండా పట్టుకుని తన ప్రాణం నిలుపుకున్నాడు. ఈ రెండో కథను తెలంగాణ పల్లెల్లో వినడమే కాదు, కళ్లారా చూసేవారు. అలా చూపించే బొమ్మల బట్టకే పటం అని పేరు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ కళాకారులు గీసే ఈ పటాలే నేడు మనం చెప్పుకునే చేర్యాల చిత్రాలు.

పటం తయారీ ఓపికతో కూడిన పని. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పిండి, బంక కలిపి పూతలు పూస్తారు. ఆరిన తరువాత గళ్లుగా విభజించి, ఎర్రటి నేపథ్యం మీద కథను వరుసగా గీస్తారు. మూరల కొద్దీ పొడవుండే ఆ పటాన్ని కొంచెం కొంచెంగా విప్పుతూ కూనపులివారు పద్మశాలీలకు మార్కండేయ పురాణం పాడి వినిపిస్తారు.

మృకండ మహర్షికి శివుడు పెట్టిన షరతు మన బ్యాంకువారికి సులువుగా అర్థమవుతుంది. దీర్ఘాయువున్న మందబుద్ధి కొడుకు కావాలా, 16 ఏళ్ల గడువుతో గుణవంతుడు కావాలా? ఆయన గుణవంతుణ్ణే కోరుకున్నాడు. గడువు తీరిన రోజు యముడు పాశం విసిరాడు. అది బాలుడితో పాటు లింగానికీ చుట్టుకుంది. శివుడు వెలువడి యముణ్ణి తన్నాడు.

మనకు కథ అక్కడితో ముగుస్తుంది. పద్మశాలీలకు అసలు కథ అక్కడి నుంచే మొదలు. మార్కండేయుడి కొడుకు భావనారుషి తామర నారతో దేవతలకు తొలి వస్త్రం నేశాడని, తాము ఆ వంశం వారమని వారి నమ్మకం. పాశం బిగిసి ఉంటే ఆ తరువాతి గళ్లే ఉండవు. భావనారుషి లేడు, మగ్గం లేదు, పటం ముందు కూర్చుని వింటున్నవారూ లేరు. యముడి ఓటమికి సాక్ష్యం ఆ శ్రోతలే.

సినిమా, టీవీ వచ్చాక పటం కథకులు తగ్గిపోయారు. చిత్రకారులు గోడకు తగిలించే చిన్న బొమ్మలు, ముఖాలు చేసి కళను నిలబెట్టుకున్నారు. హైదరాబాదులోని జగదీశ్, కమల మిత్తల్ మ్యూజియంలో పాత పటాలు భద్రంగా ఉన్నాయి. బొమ్మ బతికింది కానీ, దాని పక్కన పలికే గొంతు సన్నగిల్లింది.

మా శాఖ ఉన్న అబర్డీన్ బజార్‌లో ఈ సంగతి మరీ బాగా అర్థమవుతుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఇక్కడ చాలామందే. కానీ గడియార స్తంభం చుట్టూ ఉన్న దుకాణాల్లో బేరం హిందీలోనే సాగుతుంది. పిల్లల ఆటపాటలూ ఆ భాషలోనే. బదిలీల మీద ఊళ్లు మారే మన కుటుంబాలన్నిటిదీ దాదాపు ఇదే పరిస్థితి.

ఈ సెలవుల్లో ఒక పని చేయండి. కాగితం మీద నాలుగు గళ్లు గీసి పిల్లల చేత వరం, పాశం, శివుడు, మగ్గం బొమ్మలు వేయించండి. ఒక్కో గడికి ఒక్కో తెలుగు వాక్యం వారి నోటే చెప్పించండి. బొమ్మ ఎలా వచ్చినా ఫరవాలేదు, కథ మాత్రం ఆగకూడదు.